నాచు, పాచి, మైలుతుత్తం

నీటిలో పెరిగే పచ్చదనానికి మన భాషలో రెండు మాటలు ఉన్నవి. చెరువు అడుగున వేళ్లూని, ఆకు తొడిగి, పాయలు పాయలుగా ఊగేది నాచు. రాతి మీద, బావి మెట్ల మీద, తొట్టి అంచు మీద జిగటగా పరచుకొని కాలు జారేటట్లు చేసేది పాచి. వాడుకలో ఒకదాని చోట మరొకటి వస్తూనే ఉంటుంది. పాఠ్యపుస్తకాలవారు రెండవదానికి శైవలము అన్న సంస్కృత పదాన్ని స్థిరపరచినారు. ఈ ప్రసంగం వరకు నేను ఇంటి ఆడవారు చేసే విభజననే పాటిస్తాను. అద్దాల తొట్టిలో చేపలను, మొక్కలను కలిపి పెంచేవాని కష్టమంతా నాచు కావాలి, పాచి వద్దు అన్న కోరికలోనే ఉన్నది. రెండూ ఒకే నీటిలోని లవణాలను పీల్చి, ఒకే వెలుతురుతో బ్రతికేవి. ఒకదానిని పోషిస్తూ రెండవదానిని మాడ్చడం ఎట్లా? ఈ ప్రశ్నకు నూట డెబ్బది అయిదు సంవత్సరాల చరిత్ర ఉన్నది. అందులో హైదరాబాదుకు కూడా కొంత పాలు ఉన్నది.

నేను ఈ చరిత్రలోనికి దొడ్డిదారిన వచ్చినవాడను. అశోక్ నగర్‌లో మా మేడ మీద, తూర్పు కిటికీ ప్రక్కన ఒక అద్దాల తొట్టి ఉన్నది. మనవరాలి ముచ్చట తీర్చడానికి తెచ్చినది. మొదటి నెల బాగానే గడచినది. రెండవ నెలలో అద్దాల మీద పచ్చని పొర, మూడవ నెలలో ఆకుల అంచున నల్లని కుచ్చు పాచి పట్టినవి. ఈ కుచ్చు పాచి చూపునకు నలుపే గాని, వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఎర్ర శైవలాల వర్గంలో చేర్చినారు. గోటితో గీకినా ఊడి రాదు. దగ్గరలోనే ఉన్న ఒక దుకాణంవాడు నీలపు మందు సీసా చేతిలో పెట్టి, పది చుక్కలు చాలునన్నాడు. పది చుక్కలు వేసినాను, ఏమీ కాలేదు. మూడవనాడు మరి ఇరువది వేసినాను. పాచి రంగు మారినది. దానితో పాటు తొట్టిలోని నత్తలన్నీ గుల్లలు తెరచుకొని అడుగున పడినవి. అవి కుళ్లి నీరు మసకబారినది. వారం తిరిగేసరికి తొమ్మిది చేపలలో ఏడు పోయినవి. ఆ తరువాత పది రోజులకు, దేనికోసం ఇంత జరిగినదో ఆ పాచి తిరిగి వచ్చినది. మనవరాలు నాతో రెండు రోజులు మాటలాడలేదు.

ఆ సీసాలోనిది మైలుతుత్తం. నెమలి కంఠపు రంగులో ఉండే ఆ స్ఫటికాన్ని మన రైతులు ఎరుగుదురు. సున్నంతో కలిపితే అది బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులో ద్రాక్షతోటల తెగులుకు ఆ మిశ్రమం పనిచేస్తుందని మిలార్డే 1885లో ప్రకటించినాడు. నీటి పాచి మీదికి దానిని మళ్లించిన ఖ్యాతి అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖకు చెందిన జార్జి మూర్, కార్ల్ కెల్లర్‌మన్ అనే ఇద్దరిది. వర్జీనియాలో నీటిమళ్లలో పెంచే ఒక ఆకుకూరను స్పైరోగైరా అనే దారపు పాచి ముంచెత్తగా, వారు మైలుతుత్తం వేసి దానిని చంపి, కూరను దక్కించినారు. తరువాత పట్టణాల తాగునీటి జలాశయాలలో ప్రయోగించి, 1904లో తమ పద్ధతిని ప్రచురించినారు. గోనెసంచిలో స్ఫటికాలు పోసి, పడవ వెనుక కట్టి, జలాశయమంతా లాగుకొని తిరుగుతారు, అంతే. పది లక్షల పాళ్ల నీటికి ఒక పాలో, అంతకంటె తక్కువో మందు సరిపోతుంది. కొద్ది కాలంలోనే ఆ పద్ధతి దేశదేశాలకు ప్రాకినది.

కాని ఆ ఇద్దరికీ తెలిసి, సీసా అమ్మినవానికి తెలియనిది ఒకటి ఉన్నది. నీటిలో కరిగిన సున్నపు అంశను బట్టి రాగి పని మారిపోతుంది. మెత్తని నీటిలో కొద్ది మోతాదే చేపను చంపగలదు. కఠిన జలంలో రాగి కార్బొనేటుతో కలిసి, చాలా భాగం పనికిరాకుండా అడుగున పేరుకుంటుంది. చూచేవాడు మందు పారలేదని మోతాదు పెంచుతాడు. నేను చేసినది సరిగ్గా అదే. ఇక నత్తకు, రొయ్యకు రాగి చాలా కొద్దిగా ఉన్నా విషమే. పాచిని తినే జీవులను ముందు చంపి, పాచిని వెనుక చంపే మందు అది.

నత్త మాట వచ్చినది గనుక అసలు ఆరంభానికి వెళ్లవలసి ఉన్నది. లండన్‌లో అపోథికరీస్ హాలు అనే ఔషధశాలలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త ఉండేవాడు. అక్కడి కెమికల్ సొసైటీ 1841లో ఏర్పడడానికి ముఖ్య కారకుడు ఆయనే. మొక్క విడిచే ప్రాణవాయువును చేప పీల్చి, చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క పీల్చి, నీరు మార్చకుండానే రెండూ నిలువగలవా అని పరీక్షించడానికి ఆయన 1849లో పన్నెండు గ్యాలన్ల గాజుపాత్రలో ఇసుక, మట్టి, కొన్ని రాళ్లు వేసి, రెండు చిన్న బంగారు చేపలను విడిచినాడు. మొక్కగా ఎంచుకొన్నది వాలిస్నేరియా. సన్నని పట్టీల వంటి ఆకులు గల ఈ నాచు మన దేశపు చెరువులలో కూడ పెరుగుతుంది. ఉత్తర హిందూస్థానంలో పాతకాలపు చక్కెర చేసేవారు బెల్లపు మడ్డిని దించి చక్కెరను తెల్లబరచడానికి పైన తడినాచు పరచేవారు. ఆ పనికి ఇటువంటి జాతులే వాడేవారు.

లెక్క ప్రకారం అంతా సరిపోవలసినది. సరిపోలేదు. ముదిరిన ఆకులు కుళ్లినవి, నీరు కలకబారినది, గాజు మీద పచ్చని పాచి లేచినది. వారింగ్టన్ గొప్పతనం ఇక్కడ ఉన్నది. ఆయన రసాయనవేత్త, చుట్టూ సీసాలే ఉన్నవి, ఒక చుక్క వేసి చూడవచ్చును. ఆయన మాత్రం, బయటి కుంటలలో ఈ పని ఎవరు చేస్తున్నారని ఆలోచించినాడు. అయిదారు కుంట నత్తలను తెచ్చి వేసినాడు. అవి కుళ్లిన ఆకును, జిగట పాచిని మేసినవి. వాటి గ్రుడ్లను, పిల్లలను చేపలు తిన్నవి. నీరు తేటపడినది. 1850 మార్చిలో ఈ సంగతిని కెమికల్ సొసైటీ ముందు చదివినాడు. మొక్క, చేప అని రెండే అనుకొన్న లెక్కలో మూడవ జీవి చేరినది. అద్దాల తొట్టిలో పాచిని అదుపు చేయడానికి శాస్త్రీయంగా జరిగిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఒక్క చుక్క మందు లేకుండా జరిగినది.

ఆ జాతి నత్తలకు దగ్గరి బంధువులు మన కుంటలలోను విస్తారం. అయితే పశువుల కాలేయంలో చేరే జలగ వంటి పురుగుకు ఇవే కొన్ని ఆశ్రయమిస్తవి గనుక, పశువులు దిగే నీటి నుంచి నేరుగా తెచ్చి ఇంటి తొట్టిలో వేయడం మంచిది కాదని మధ్యలో ఒక హెచ్చరిక.

ఫిలిప్ గోసే 1854లో ప్రకటించిన పుస్తకం వలన అక్వేరియం అన్న పేరు స్థిరపడినది. ఇంగ్లండులో ఇంటింటా తొట్టి వెలసినది. కొన్నేండ్లకు ఆ మోజు చల్లబడినది. చల్లబడడానికి పాచి కూడ ఒక కారణమై ఉంటుందని నా అనుమానం. మోజు పోయినా మిగిలినవారు వెలుతురు వైపు దృష్టి మళ్లించినారు. చెరువుకు వెలుగు పైనుంచి వస్తుంది. అద్దాల తొట్టికి నాలుగు వైపుల నుంచి వస్తుంది. తేడా అక్కడే ఉన్నదని గ్రహించినారు. ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరచిన సముద్రజల ప్రదర్శనశాలలో, పైన కనిపించే తొట్ల నీటికంటె ఎన్నో రెట్లు నీటిని భూమి అడుగున చీకటిలో ఉంచి, తిప్పుతూ ఉండేవాడు. చీకటిలో పాచి పెరగదు. మా తూర్పు కిటికీ ఏమి చేసినదో ఈ సంగతి చదివినప్పుడు గాని నాకు స్ఫురించలేదు.

ఈ చదువంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుండి కాగితాలు పరచుకొని చేసినది. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే యువకులు. పెద్దాయన ఏ పరీక్షకు వ్రాస్తున్నాడో అని ఒకరిద్దరు తొంగి చూచినారు కూడ. ఆ మేరకు వారి కుతూహలాన్ని నేను తీర్చలేదు.

అక్కడినుంచి ఇంటికి నడచి వస్తే మా పేటలోని నాలా కనిపిస్తుంది. దాని నీరు హుస్సేన్ సాగర్ అలుగు నుంచి వచ్చినది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఆ చెరువు కట్టినారు. అంటే 1591లో వెలసిన హైదరాబాదు నగరం కంటె ఆ చెరువే పెద్దది. గండిపేట జలాశయం 1920లో పూర్తి కాకముందు ఊరి దాహం తీర్చిన వాటిలో అదీ ఒకటి. దాని మిగులు నీరు అశోక్ నగర్ మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో ఇరువది నాలుగు సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నాలా మా వీధులలోనికి వచ్చి, అలుగు ఎక్కడ ఉన్నదో మరచినవారికి జ్ఞాపకం చేసినది.

ఆ చెరువు మీద వేసవిలో తేలే పచ్చని తెట్టును చూడనివారు నగరంలో అరుదు. అందులో ప్రధానమైనది మైక్రోసిస్టిస్. నీలి ఆకుపచ్చ జాతి, నిజానికి సూక్ష్మజీవుల వర్గానికి చెందినది. దశాబ్దాలుగా కూకట్‌పల్లి నాలా వెంట వచ్చి చేరిన ఇండ్ల మురుగు, కార్మాగారాల మురుగు దానికి మేత. ఇది ఎవరూ చూడకుండా జరిగినది కాదు. హైదరాబాదు నీటి పాచిని గూర్చి ఇక్కడి వృక్షశాస్త్రజ్ఞులు ఎంతో ముందే శ్రద్ధగా వ్రాసినారు. ఎ. ఆర్. జాఫర్ హైదరాబాదులోని కొన్ని చేపల చెరువుల శైవలాలను గూర్చి 1964, 1967 సంవత్సరాలలో వరుస వ్యాసాలు ప్రకటించినాడు. వి. వెంకటేశ్వర్లు మూసీనది శైవలాలను కాలుష్యంతో ముడిపెట్టి పరిశీలించి 1969లో ప్రకటించినాడు. ఎం. మునావర్ నగరపు కుంటలను గూర్చి 1970లో వ్రాసినాడు. ఇవి మూడూ హైడ్రోబయాలజియా అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చినవి. జాఫర్ వ్యాసాల వరుసను గమనించండి. మొదటి వ్యాసం నీటి భౌతిక, రసాయన గుణాలను గూర్చినది. పాచి మాట రెండవ వ్యాసంలో గాని విస్తరించదు. నీటిలో ఏమున్నదో కొలిచిన తరువాతనే దాని మీద ఏమి తేలుతున్నదో చెప్పవలెనన్న క్రమం అది. నేను దుకాణానికి పోయి సీసా తెచ్చిన క్రమం వేరు.

ఇంచుమించు ఆ కాలంలోనే ప్రపంచమంతటా సరస్సులు పచ్చబడుతూ ఉండగా, ఏ లవణం దానికి మూలమన్న వివాదం నడచినది. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఒక చిన్న సరస్సును మధ్యగా తెర కట్టి రెండు భాగాలు చేసినది. ఒక భాగంలో కార్బన్, నత్రజని వేసినారు. రెండవ భాగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కూడ వేసినారు. భాస్వరం పడిన భాగం చిక్కని ఆకుపచ్చగా మారినది. తెరకు అవతలి నీరు తేటగా నిలిచినది. ఆకాశం నుంచి తీసిన ఆ ఛాయాచిత్రం చూచిన తరువాత సబ్బుపొడిలోని భాస్వరాన్ని సమర్థించడం కష్టమైపోయినది.

ఇంటి తొట్ల పెంపకందారులు ఈ పాఠాన్ని తమ కొలతకు కుదించుకొన్నారు. పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనేవారు 1996లో ఒక వాదం ముందుకు తెచ్చినారు: మొక్కలకు కావలసిన తక్కిన లవణాలన్నీ సమృద్ధిగా ఇచ్చి, భాస్వరాన్ని మాత్రం కొరతగా ఉంచితే, ఆ కొద్దిపాటి భాస్వరాన్ని నాచే ముందుగా లాగుకొని పాచిని పస్తు పెడుతుంది. చాలామంది తొట్లు దీనివలన బాగుపడినవి. కాని తరువాతి సంవత్సరాలలో అమెరికాకు చెందిన టామ్ బార్ భాస్వరాన్ని కావలెనని కలిపి చూచినాడు. దట్టంగా, బలంగా పెరుగుతున్న మొక్కలు గల తొట్టిలో పాచి రాలేదు. జపానులో తకాషి అమానో బొగ్గుపులుసు వాయువును నీటిలోనికి ఎక్కించి మొక్కలను గుబురుగా పెంచుతూ, పాచి మేయడానికి చిన్న మంచినీటి రొయ్యలను విడిచినాడు. వారింగ్టన్ నత్త పనిని ఈయన రొయ్యకు అప్పగించినాడన్న మాట. 2015లో ఆయన మరణించేనాటికి ఆ రొయ్య ఆయన పేరుతోనే లోకమంతా చెలామణి అయినది.

సరస్సుకు భాస్వరం పాపమైనప్పుడు తొట్టికి ఎందుకు కాలేదు? నాకు తోచిన సమాధానం ఇది. సరస్సు పచ్చబడే వేళకు అందులో వేళ్లున్న నాచు చాలావరకు నశించి ఉంటుంది, ఎదుర్కొనేవారు లేరు. బలమైన నాచు ఉన్న తొట్టిలో లవణం వచ్చిన వెంటనే ఖర్చవుతుంది. కుచ్చు పాచి ముదిరి నీరసించిన ఆకునే పట్టుకొంటుంది, లేత ఆకును కాదు. ఇది నేను కంటితో చూచిన సంగతి.

ఇంత తెలిసిన తరువాత మా నీటిలో ఏమున్నదో చూడవలెనని బుద్ధి పుట్టినది. తొట్టిలో పోసేది మా ఆవరణలోని బోరు నీరు. నల్లా నీటిలో క్లోరిను ఉంటుంది, చేపకు పడదని బోరు నీటినే వాడుతూ వచ్చినాము. నారాయణగూడలో ఐ.పి.ఎం. అని అందరూ పిలిచే ప్రజారోగ్య సంస్థలో నీటి నమూనాలను పరీక్ష చేస్తారు. ఒక సీసా నీరు ఇచ్చి వచ్చినాను. ఫలితం వచ్చినప్పుడు కాఠిన్యం ఎక్కువ అన్నది ఎదురుచూచినదే. రాతినేల మీది నగరం మనది. నైట్రేటు మాత్రం లీటరుకు నలుబది అయిదు మిల్లీగ్రాముల పరిమితిని దాటి ఉన్నది. నేలలో ఎక్కడో మురుగు గొట్టం కారి బోరులోనికి ఇంకుతున్నదని దాని అర్థం. నేను వారం వారం మంచినీరనుకొని తొట్టిలో పోసినది పాచికి ఎరువు.

చేపల సంగతి అంతటితో వెనుకబడినది. మేము తాగేది నల్లా నీరు. మేడ మీది తొట్టికి ఎక్కుతుంది. క్రింద కాపలా ఉండే కుటుంబానికి ఆవరణలోని బోరు కొళాయే ఆధారం. వారికి నాలుగు నెలల పిల్లవాడు. తల్లిపాలు చాలక పాలపొడి కలుపుతున్నారు. నైట్రేటు గల బావినీటితో పాలు కలిపి పట్టిన పసివారు నీలిరంగుకు తిరగడాన్ని అమెరికాలోని అయొవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు 1945లోనే గుర్తించి వ్రాసినాడు. పసివాని నెత్తురు ప్రాణవాయువును మోయలేకపోతుంది. దిగి వెళ్లి ఆ తల్లిని అడిగినాను. “కాచిన నీళ్లే సార్, బాగా మరిగించి పోస్తున్న,” అన్నది. ఆమె తప్పేమీ లేదు. కాచమని మనమే చెప్పినాము. కాచితే క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. “బోరు నీళ్లు వద్దమ్మా, నల్లా నీళ్లు మా ఇంట్లోంచి పట్టుకపో,” అని ఆ పూటకు బిందె ఇచ్చి, వారం రోజులలో నల్లా నీటి గొట్టం క్రిందికి వేయించినాము. పిల్లవానికి ఏ హానీ జరుగలేదు. మురుగు కారేచోటు వెదకి పట్టుకోవడానికి మరి రెండు నెలలు పట్టినది. ఇరుగుపొరుగు బోర్లు కూడ పరీక్ష చేయించవలెనంటే, మొదట అందరూ చేపల తొట్టివాని చాదస్తమన్నారు. తరువాత నాలుగిండ్లవారు సీసాలు పట్టుకొని నారాయణగూడకు పోయినారు.

ఇక తొట్టి సంగతి. దానిని కిటికీ నుంచి లోపలి గోడకు జరిపినాము. దీపం రోజుకు ఏడు గంటలు మాత్రమే వెలుగుతుంది. రాగి పేరుకొన్న ఇసుకను పారవేసి కొత్తది వేసినాము. ఒక మిత్రుని సిమెంటు కుండీ నుంచి తెచ్చిన వాలిస్నేరియా కఠిన జలంలోనే హాయిగా పెరిగినది. నీటిలోని బైకార్బొనేటు నుంచి కూడ కార్బన్ తీసుకోగల శక్తి దానికి ఉన్నది. నల్లుపు పట్టిన ఆకును చూచిన వెంటనే కత్తిరించడం, చేపలకు మేత సగం చేయడం, వారానికొకమారు మూడవ వంతు నీటిని గొట్టంతో అడుగునుంచి పీల్చి తీయడం, రాత్రంతా నిలువబెట్టి క్లోరిను విరిచిన నల్లా నీటిని పోయడం: ఇంతకు మించి చేసినది లేదు. ఇప్పుడు ద్రవ కార్బన్ అన్న పేరుతో గ్లుటరాల్డిహైడు సీసాలు దుకాణాలలో అమ్ముతారు. కుచ్చు పాచికి అది పనిచేస్తుందన్న మాట నిజమే. వాలిస్నేరియా ఆకును కరిగించివేస్తుందన్నది కూడ నిజమే. ఒక సీసా కొని, మూత తీయకుండానే అటక మీద పెట్టినాను.

మూడు నెలలకు నీరు తేటపడినది. వెనుక రాతి మీద అణా బిళ్లంత కుచ్చు పాచి ఇంకా ఉన్నది. నత్తలు దాని చుట్టూ తిరిగి పోతున్నవి గాని ముట్టుకోవడం లేదు. క్రింది పిల్లవానికి ఇప్పుడు నడక వచ్చినది. మెట్లెక్కి వచ్చి తొట్టికి రెండు చేతులూ ఆనించి నిలుచుంటాడు. అద్దం మీద పాచి కంటె వాని చేతి గుర్తులనే తరచుగా తుడవవలసి వస్తున్నది.